బీ450 బోర్డు ఉన్నవారు గేమింగ్ కోసం ఇప్పుడు ఏ ప్రాసెసర్ కొనాలి?

మీ ప్రశ్నను ముందుగా ఒకచోట చేర్చి చెబుతాను. 2019లో రాజమండ్రిలో కట్టించుకున్న మీ కంప్యూటర్‌లో ఏఎండీ సంస్థ రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 3200 వేగం గల డీడీఆర్4 ర్యామ్ ఎనిమిదేసి జీబీల స్టిక్కులు రెండు ఉన్నాయి. ఇటీవలే ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 1080పీ 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నారు. ఆడేది ఎక్కువగా వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2. వారాంతాల్లో సైబర్‌పంక్ 2077. కార్డు మార్చినా ఆట అప్పుడప్పుడు కుదుపుతోందని, కాబట్టి ప్రాసెసర్ మార్చాలని అనుకుంటున్నారు. ఉన్న బోర్డులోనే రైజెన్ 5 5600 వేయడమా, ఇంటెల్ ఐ5 12400ఎఫ్‌కు మారడమా, కొత్త తరం ర్యామ్ అయిన డీడీఆర్5తో సహా రైజెన్ 5 7500ఎఫ్‌కు వెళ్లడమా, లేక ఇంకొంత కూడబెట్టి ఏఎండీ ఖరీదైన గేమింగ్ ప్రాసెసర్ 9800ఎక్స్3డీ కొనడమా అన్నది మీ సందేహం. వేసవికి డల్లాస్ నుంచి వస్తున్న మీ అక్కగారితో తెప్పించుకుంటే లాభమా అని కూడా అడిగారు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను: ఉన్న బోర్డులోనే రైజెన్ 5 5600 వేయండి. అది అన్నిటికంటే గొప్ప ప్రాసెసర్ కాబట్టి కాదు. ప్రాసెసర్ విలువను దాని ఒక్క ధరతో కాకుండా, దానికోసం కొత్తగా కొనవలసిన బోర్డు, ర్యామ్, కూలర్‌తో కలిపి కొలవాలి. ఆ మొత్తాన్ని మీ గ్రాఫిక్స్ కార్డు నిజంగా చూపగలిగే ఫ్రేములతో పోల్చాలి. ఆ లెక్కలో మీ పరిస్థితికి 5600 దరిదాపుల్లోకి మరొకటి రాదు.

కుదుపు ఎందుకు వస్తోందో మొదట చూడాలి. ప్రతి ఫ్రేమునూ ప్రాసెసర్ సిద్ధం చేసి ఇస్తే గ్రాఫిక్స్ కార్డు గీస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కోదానికి సుమారు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది; 144 ఫ్రేములు కావాలంటే ఆ వ్యవధి 6.9 మిల్లీసెకన్లకు పడిపోతుంది. ఇద్దరిలో ఎవరు ఆలస్యం చేస్తే ఆట వేగం వారిని బట్టే ఉంటుంది. మీ దగ్గర ఆలస్యం ఎవరిదో పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ఆటలో ఒకే చోట నిలబడి ఫ్రేముల సంఖ్య చూసుకోండి. తరువాత రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి తగ్గించి మళ్లీ చూడండి. సంఖ్య గణనీయంగా పెరిగితే గ్రాఫిక్స్ కార్డే పరిమితి. పెద్దగా కదలకపోతే ప్రాసెసర్ దగ్గర ఆగిపోతోందని అర్థం. కౌంటర్ స్ట్రైక్ 2లో మీకు రెండో ఫలితమే వస్తుందని నా అంచనా. సైబర్‌పంక్‌లో మాత్రం హై సెట్టింగులలో, ముఖ్యంగా రే ట్రేసింగ్ (కాంతిని నిజంలా లెక్కించే సెట్టింగు) వేస్తే, 4060 తన శక్తి చివరికంటా వాడుకుంటూ ఉంటుంది. అక్కడ లక్ష రూపాయల ప్రాసెసర్ పెట్టినా సగటు సంఖ్య పెద్దగా మారదు. రద్దీగా ఉన్న బజారు వీధుల్లో వచ్చే కుదుపులు మాత్రమే తగ్గుతాయి.

సమీక్షలలో కనిపించే పట్టికలను ఈ దృష్టితోనే చదవాలి. ప్రాసెసర్లను పరీక్షించేవారు ఆర్‌టీఎక్స్ 4090 వంటి కార్డును పెట్టి 1080పీలో పరీక్షిస్తారు. అది తప్పు పద్ధతి కాదు. గ్రాఫిక్స్ కార్డు అడ్డు తొలగిస్తేనే ప్రాసెసర్ల మధ్య తేడా కనిపిస్తుంది. అయితే ఆ తేడా మీ ఇంట్లోని 4060తో కూడా వస్తుందనుకోవడం పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టే అవుతుంది. పట్టికలో చూడవలసినది ఎవరు మొదటి స్థానంలో ఉన్నారన్నది కాదు. మీకు కావలసిన 144 గీతను, సగటులోనూ అతి నెమ్మదిగా వచ్చే ఒక శాతం ఫ్రేములలోనూ, ఏ ప్రాసెసర్ దాటుతోందన్నది. ఆ గీత దాటిన తరువాత మిగిలిన ఎత్తు మీ మానిటర్‌కు కనబడదు.

ఇక 2600 నుంచి 5600కు మారితే ఏం మారుతుంది? రెండింటికీ ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనుల వరుసలు). 2018 ఏప్రిల్‌లో 2600, 2022 ఏప్రిల్‌లో 5600 అమెరికాలో ఒకే ధరకు, 199 డాలర్లకు, విడుదలయ్యాయి. కాగితం మీద తేడా లేనట్టు కనిపిస్తుంది కానీ లోపలి నిర్మాణం పూర్తిగా వేరు. 2600లోని ఎల్3 క్యాష్ మెమరీ, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న నిల్వ, 16 ఎంబీ. అది కూడా మూడేసి కోర్లకు ఎనిమిదేసి ఎంబీల చొప్పున రెండు గదులుగా విడిపోయి ఉంటుంది. ఒక గదిలోని కోరుకు రెండో గదిలోని సమాచారం కావలసి వస్తే చుట్టు తిరిగి తెచ్చుకోవాలి. 5600లో 32 ఎంబీ మొత్తం ఒకే గదిలో ఆరు కోర్లకూ అందుబాటులో ఉంటుంది. ఆటల కోడ్ స్వభావం ఏమిటంటే, అది తరువాత ఏ సమాచారం అడుగుతుందో ముందుగా ఊహించడం కష్టం. క్యాష్‌లో దొరకనప్పుడల్లా ర్యామ్ దాకా వెళ్లి రావాలి, ఆ ప్రయాణంలో కోరు ఖాళీగా కూర్చుంటుంది. మీరు చూస్తున్న కుదుపులలో చాలా భాగం ఆ ఖాళీ సమయమే. ఎక్స్3డీ ప్రాసెసర్ల రహస్యం కూడా ఇదే: 2022లో వచ్చిన 5800ఎక్స్3డీలో మామూలు 32 ఎంబీపైన మరో 64 ఎంబీ క్యాష్‌ను పొరగా పేర్చి 96 ఎంబీ చేశారు. గడియార వేగం తక్కువైనా ఆటలలో అది తన తరం వాటన్నిటికంటే ముందుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే దుకాణంలో 5600 లేకపోతే "అదే ఇది" అంటూ 5500నో 5600జీనో చేతిలో పెడతారు. అవి అదే కాదు. ల్యాప్‌టాప్ చిప్పు నుంచి మలిచిన ఆ రెండింటిలోనూ ఎల్3 క్యాష్ 16 ఎంబీ మాత్రమే. గ్రాఫిక్స్ కార్డు లేనివారికి 5600జీ మంచి వస్తువే, మీకు కాదు. ఏఎండీ కొత్త సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) అయిన ఏఎం5లో కూడా ఇలాంటి ఉచ్చు ఒకటి ఉంది: 8400ఎఫ్. సంఖ్య పెద్దది కాబట్టి 7500ఎఫ్ కంటే మెరుగు అనిపిస్తుంది. కానీ 7500ఎఫ్‌లో 32 ఎంబీ క్యాష్ ఉంటే 8400ఎఫ్‌లో 16 ఎంబీయే ఉంది. పేరులోని అంకెలను కాకుండా క్యాష్ పరిమాణాన్ని చూసి కొనండి. ఎనిమిది కోర్ల 5700ఎక్స్ దొరికి, ధరలో తేడా స్వల్పంగా ఉంటే తీసుకోవచ్చు. అయితే దానితో కూలర్ రాదు, 5600 పెట్టెలో వస్తుంది. ఆడుతూ స్ట్రీమింగ్ చేసే అలవాటు లేకపోతే ఆ అదనపు రెండు కోర్లు మీకు పెద్దగా అక్కరకు రావు.

మీ బోర్డు విషయంలో ఒక లోపాన్ని దాచకూడదు. గ్రాఫిక్స్ కార్డును ప్రాసెసర్‌తో కలిపే పీసీఐఈ దారి బీ450లో మూడో తరానిదే ఉంటుంది. 4060 కార్డు నాలుగో తరానిదే అయినా ఆ దారిలో ఎనిమిది లేన్లనే (వరుసలనే) వాడుతుంది. కాబట్టి కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారి సగం వెడల్పుకు పడిపోతుంది. మామూలుగా దీని నష్టం స్వల్పం. కార్డులోని 8 జీబీ మెమరీ నిండి ర్యామ్ మీద ఆధారపడినప్పుడే అది బాధిస్తుంది. టెక్స్చర్ సెట్టింగును ఒక మెట్టు తగ్గిస్తే చాలు. దానికోసం బోర్డు మార్చవలసిన పని లేదు.

ఇప్పుడు డీడీఆర్5 దారి చూద్దాం. 2025 మొదట్లో ఇదే ప్రశ్న అడిగి ఉంటే నేను బహుశా 7500ఎఫ్‌నే సూచించేవాడిని. 2023 జూలైలో 179 డాలర్ల ధరతో వచ్చిన ఆ ప్రాసెసర్ ఆటల్లో అదే వరుసలోని 7600కు అతి దగ్గరగా ఉంటుంది. ఏఎం5 సాకెట్‌కు 2027, ఆ తరువాత కూడా మద్దతు కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది కాబట్టి ముందు దారి కూడా ఉంది. కానీ 2025 చివరి నెలల్లో ర్యామ్ పరిస్థితి తలకిందులైంది. కృత్రిమ మేధ డేటా సెంటర్ల కోసం మెమరీ తయారీదారులు తమ ఉత్పత్తిని అటు మళ్లించడంతో డీడీఆర్5 ధరలు కొన్ని నెలల్లోనే రెండు మూడు రెట్లయ్యాయి. డిసెంబరులో మైక్రాన్ సంస్థ తన క్రూషియల్ పేరుతో సామాన్య వినియోగదారులకు అమ్మే వ్యాపారాన్నే విరమిస్తున్నట్టు ప్రకటించింది. దీని ఫలితంగా ప్రాసెసర్ కంటే దానికి తోడుగా కొనే ర్యామ్ బరువైంది. అసలు కంటే కొసరు ఎక్కువ అన్న మాట అక్షరాలా నిజమైంది. డీడీఆర్4 కూడా చవకగా లేదు. మీ పాత కంప్యూటర్‌లో ఉన్న ఆ రెండు స్టిక్కులు ఈరోజు మీ దగ్గరున్న ఆస్తి. వాటిని పక్కన పడేసే దారి ఏదైనా, ప్రాసెసర్ ఎంత చవకైనా, మీకు ఖరీదైన దారే.

ఈ కారణంగానే 12400ఎఫ్‌ను కొంత గౌరవంతో పరిశీలించాలి, ఎందుకంటే దానికి డీడీఆర్4 బోర్డులు ఉన్నాయి. 2022 జనవరిలో వచ్చిన ఆ ఆరు కోర్ల ప్రాసెసర్ ఆటలలో 5600తో దాదాపు సమానంగా నిలుస్తుంది. కొన్నింటిలో ఇది, కొన్నింటిలో అది ముందుంటాయి. సరికొత్తగా కంప్యూటర్ కట్టించుకునేవారు, చేతిలో డీడీఆర్4 ర్యామ్ ఉండి ఏఎం4 (మీ బోర్డుకున్న పాత ఏఎండీ సాకెట్) బోర్డు లేనివారు దాన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. మీకు మాత్రం సమానమైన వేగం కోసం బోర్డు ఖర్చు అదనం. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లలో వోల్టేజీ హద్దు మీరి క్రమంగా అస్థిరమయ్యే సమస్య 2024లో బయటపడింది. ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. 12400ఎఫ్‌కు ఆ సమస్య లేదు. కానీ ఎవరైనా సెకండ్ హ్యాండ్‌లో 13700కే, 14700కే వంటివి చవకగా ఇస్తానంటే, అంతకుముందు అది పాత బయాస్‌తో (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్‌తో) ఎన్ని నెలలు నడిచిందో మీకు తెలిసే మార్గం లేదన్నది గుర్తుంచుకోండి. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200 వరుస విద్యుత్తు తక్కువ తీసుకుంటుంది కానీ విడుదలైనప్పుడు ఆటల్లో తన ముందు తరం కంటే వెనకబడింది. పైగా దానికి కొత్త సాకెట్, డీడీఆర్5 రెండూ తప్పనిసరి.

ఎక్స్3డీల సంగతి విలువ కంటే లభ్యతకు సంబంధించిన పాఠం. 7800ఎక్స్3డీ 2023 ఏప్రిల్‌లో 449 డాలర్లకు వచ్చి, మధ్యలో బాగా దిగి, 2024 చివరికి సరుకు పలచబడగానే మళ్లీ విడుదల ధర స్థాయికి ఎగబాకింది. ఆ నవంబరులో 479 డాలర్లకు వచ్చిన 9800ఎక్స్3డీ మొదటి వారాల్లో దొరకడమే గగనమైంది. ఇందులో వ్యాపారుల అత్యాశ కొంత ఉండవచ్చు గానీ అసలు కారణం తయారీలోనే ఉంది: క్యాష్ పొరను వేరుగా తయారు చేసి కోర్ల చిప్పుతో అతికించడం అదనపు దశ, అదనపు వారాలు, ఆ కోర్ల చిప్పులనే ఏఎండీ సర్వర్ ప్రాసెసర్లలోనూ వాడుతుంది. గిరాకీ పెరిగిన మర్నాడే ఉత్పత్తి పెరగదు. మీ బోర్డులో పట్టే 5700ఎక్స్3డీ, 5800ఎక్స్3డీల విషయం మరీ విచారకరం. 5700ఎక్స్3డీ 2024 జనవరిలో 249 డాలర్లకు వచ్చినప్పుడు ఏఎం4 వాడుకదారులకు అదొక వరమే. ఇప్పుడు కొత్తది దొరకడం అరుదు. ర్యామ్ ధరలు పెరిగాక అందరికీ పాత బోర్డుల మీద ప్రేమ పుట్టుకురావడంతో వాడిన వాటికి కూడా కొత్తదాని ధర అడుగుతున్నారు. బిల్లు, వారంటీలతో న్యాయమైన ధరకు ఒకటి కనబడితే వదలకండి. కనబడే దాకా వేచి ఉండటం మాత్రం పద్ధతి కాదు.

ధర న్యాయమైనదో కాదో తేల్చుకోవడానికి నేను వాడే ముతక లెక్క ఒకటి చెబుతాను. అమెరికా ధరలో పన్ను కలిసి ఉండదు. మన దగ్గర ప్రాసెసర్ మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. డాలరును 85 రూపాయలుగా తీసుకుంటే 479 డాలర్లు 40,715 రూపాయలు. దానికి 18 శాతం కలిపితే 48,000 పైచిలుకు. 179 డాలర్లది ఇదే పద్ధతిలో 18,000కు కాస్త తక్కువ వస్తుంది. మారకం రేటు ఆ రోజుది వేసుకోండి. ఈ అంకెకు అటూ ఇటూగా ఉంటే దుకాణదారు మిమ్మల్ని మోసం చేయడం లేదు. అంతకంటే చాలా ఎక్కువైతే కొరతను సొమ్ము చేసుకుంటున్నాడు. మరీ తక్కువైతే వస్తువునే అనుమానించాలి. 2025 సెప్టెంబరులో జీఎస్‌టీ రేట్లు తగ్గినప్పుడు కంప్యూటర్ విడిభాగాలు కూడా చవకవుతాయని చాలామంది ఆగారు. పెద్ద టీవీలు, మానిటర్ల మీద 28 శాతం 18కి దిగింది. ప్రాసెసర్లు అంతకు ముందూ 18లోనే ఉన్నాయి, ఆ తరువాతా అక్కడే ఉన్నాయి.

అక్కగారితో తెప్పించుకోవడం గురించి. డల్లాస్ ప్రాంతంలో మైక్రో సెంటర్ అనే కంప్యూటర్ విడిభాగాల గొలుసు దుకాణం ఉంది కాబట్టి మీకు ఆ ఆలోచన రావడం సహజం. 5600ఎక్స్3డీ, 7600ఎక్స్3డీ వంటివి అమెరికాలో ఆ దుకాణాల ద్వారానే విడుదలయ్యాయి కూడా. అక్కడి ధర మీద టెక్సస్ అమ్మకపు పన్ను 8.25 శాతం పడుతుంది. అంటే మన జీఎస్‌టీతో పోల్చితే మిగిలేది పది శాతం లోపే. ఇరవై వేల లోపు వస్తువు మీద ఆ పది శాతం కోసం, పాడైతే ఇక్కడి డిస్ట్రిబ్యూటరు బాధ్యత తీసుకోని వస్తువును కొనడం నాకు సమ్మతం కాదు. ప్రాసెసర్లు అరుదుగానే పాడవుతాయన్నది నిజమే. అయినా ఆ అరుదైన సందర్భంలో ఆమెను కొరియర్ కార్యాలయాల చుట్టూ తిప్పవలసి వస్తుంది. యాభై వేల ఎక్స్3డీ అయితే లెక్క కొంత మారుతుంది, కానీ మీరు దాన్ని కొనకూడదనే కదా నా మాట.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, విజయవాడలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఒక ప్రశ్న తప్పక అడగండి: ఇది బాక్స్ పీసా, ట్రే పీసా? పెట్టెలో వచ్చే ప్రాసెసర్‌కు తయారీ సంస్థ మూడేళ్ల వారంటీ ఇస్తుంది. ట్రే పీసులు కంప్యూటర్ తయారీదారుల కోసం గంపగుత్తగా వెళ్లే సరుకు. వాటికి వారంటీ అమ్మినవాడి మాటే, కూలర్ కూడా ఉండదు. 7500ఎఫ్ మన మార్కెట్లో ఎక్కువగా ఈ రూపంలో తిరుగుతుంది. ఒక షాపులో లేదంటారు, పక్క షాపులో వెయ్యి తక్కువకే ఉందంటారు. ఆ వెయ్యి తేడా వెనక ఉన్నది చాలాసార్లు వారంటీయే. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి, ప్రాసెసర్ మీది సీరియల్ సంఖ్య పెట్టె మీది సంఖ్యతో సరిపోతోందో చూడండి. తిరిగి వచ్చిన పెట్టెల్లో పాత ప్రాసెసర్ పెట్టి పంపిన ఉదంతాలు లేకపోలేదు.

మీ స్థానంలో మరొకరు ఉండి, పాత బోర్డు గానీ ర్యామ్ గానీ లేకపోతే, లేదా ఆడేది ఫ్లైట్ సిమ్యులేటర్, ఫ్యాక్టోరియో వంటి క్యాష్‌ను మింగే ఆటలైతే, నా సలహా వేరుగా ఉండేది. అప్పుడు కూడా 7500ఎఫ్ కంటే కాస్త ఎక్కువ పెట్టి 7600 తీసుకోమనేవాడిని, ఎందుకంటే దానిలో చిన్నదైనా సొంత గ్రాఫిక్స్ ఉంటుంది. నా గ్రాఫిక్స్ కార్డు ఒకసారి వారంటీ మరమ్మతుకు వెళ్లి ఆరు వారాలకు గానీ తిరిగి రాలేదు. ఆ రోజుల్లో ఇంట్లో పనులన్నీ ఆ చిన్న గ్రాఫిక్స్ మీదే నడిచాయి. సొంత గ్రాఫిక్స్ లేని ఎఫ్ రకం అయి ఉంటే ఆరు వారాలూ చీకటి తెరే.

ఇక 5600 కొన్న రోజు చేయవలసిన పని. 2020 మేలో ఏఎండీ మొదట ఈ తరం ప్రాసెసర్లకు బీ450లో చోటు లేదని చెప్పి, వాడుకదారులు గగ్గోలు పెట్టడంతో కొద్ది రోజులకే మనసు మార్చుకుంది. కాబట్టి 2019 నాటి మీ బయాస్ ఈ ప్రాసెసర్‌ను గుర్తించదు. పాత 2600 బోర్డులో ఉండగానే తయారీదారు పేజీ నుంచి కొత్త బయాస్‌ను, అక్కడ మధ్యంతర వెర్షన్ ముందు వేయాలని సూచించి ఉంటే ఆ క్రమంలోనే, ఎక్కించండి. ఆ సమయంలో కరెంటు పోకూడదు. ఇన్వర్టరో యూపీఎస్సో ఉన్న గదిలో చేయండి. విండోస్ 11లో డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్‌కు వేసే తాళం) రికవరీ కీని ముందే ఫోనులో భద్రపరచుకోండి, ఎందుకంటే ప్రాసెసర్ మారగానే టీపీఎంను (తాళాల రహస్యాలను దాచే భద్రతా భాగాన్ని) రీసెట్ చేయమంటావా అని బోర్డు అడుగుతుంది, ఆ తరువాత విండోస్ ఆ కీ అడగవచ్చు. విండోస్ 11లో వాలరెంట్ తెరుచుకోవాలంటే టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ పనిచేస్తూ ఉండాలి. బయాస్ మార్చినప్పుడు అవి ఆగిపోతే మళ్లీ వేయండి, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు కూడా అలాగే.

కూలర్ విప్పే ముందు పావుగంట ఏదైనా ఆట ఆడి, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే పేస్టు వేడెక్కనివ్వండి, తరువాత కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, కూలర్‌ను పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేయండి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్టుతో కూలర్‌ను ఒక్కసారిగా లాగితే లివర్ వేసి ఉన్నా ప్రాసెసర్ ఊడివచ్చి పిన్నులు వంగిపోతాయి. ఆ 2600ను వెంటనే అమ్మకండి. కొత్తది రెండు వారాలు నికరంగా నడిచిందని తేలేదాకా దాని పాత పెట్టెలోనే ఉంచండి.